వాల్టర్ వైట్ పక్షాన నిలబడలేకపోయాను

హైదరాబాద్ శివార్లలో ఒక అద్దె షెడ్డులో గుట్టుగా అల్ప్రాజోలం అనే మత్తు మందు తయారుచేస్తున్న వాళ్ళను పట్టుకున్నారని ఆ మధ్య పేపర్లో వచ్చింది. పట్టుబడిన వాళ్ళలో ఒకాయన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాడట. మా స్టాఫ్ రూములో ఆ వార్త చదువుతున్న యువ లెక్చరర్ ఒకరు తలెత్తి, "మన తెలంగాణ వాల్టర్ వైట్, మేడమ్!" అన్నారు. వాల్టర్ వైట్ అంటే 'బ్రేకింగ్ బ్యాడ్' అనే అమెరికా టీవీ సీరియల్ కథానాయకుడు, మెథాంఫెటమిన్ అనే మత్తు మందు తయారుచేసే కెమిస్ట్రీ టీచరు. మా లెక్చరర్ మంచి మనిషి, పాఠం బాగా చెబుతారు, మత్తు వ్యాపారాన్ని సమర్థించే రకం కానే కాదు. అయినా ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ముచ్చట స్పష్టంగా వినిపించింది. అప్పుడు నేనేమీ అనలేదు. గంట కొట్టారు, క్లాసుకు వెళ్ళిపోయాను. చెప్పాలంటే చాలా ఉంది కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను కెమిస్ట్రీ చెబుతాను. కాబట్టి 'బ్రేకింగ్ బ్యాడ్' చూడమని నాకు చెప్పనివాళ్ళు లేరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడు చెప్పాడు. చదువైపోయి వెళ్ళిన విద్యార్థులు బజారులో కనిపించినప్పుడల్లా అడిగారు. ఒకసారి రక్తపరీక్షకు వెళితే, నేనేం పాఠం చెబుతానో తెలుసుకున్న ల్యాబ్ టెక్నీషియన్ సూది పట్టుకుని మరీ, "కెమిస్ట్రీ మేడమ్ అయి ఉండి ఇంకా చూడలేదా?" అని ఆశ్చర్యపోయాడు.

చూశాను. ఐదు సీజన్లు, 62 ఎపిసోడ్లు, ఒక్కటీ వదలకుండా. మొదటి సీజన్‌తో ఆపితే అసలు కథ రెండో దాంట్లో ఉందంటారు. రెండోది చూస్తే నాలుగోది చూశాక మాట్లాడమంటారు. ఆ మాట ఎవరూ అనకూడదని చివరిదాకా కూర్చున్నాను. నచ్చలేదు. అది గొప్పగా తీసిన సీరియల్ అని ఒప్పుకుంటున్నాను, నటులందరికీ నమస్కరిస్తున్నాను, అయినా నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో నాకు నేను తేల్చుకోవడానికి చాలా కాలమే పట్టింది.

నచ్చినవి ముందు

రెండో ఎపిసోడ్‌లో వాల్టర్ వైట్ క్లాసులో కైరాలిటీ పాఠం చెబుతాడు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి ఒకదానికొకటి అద్దంలో బింబంలా ఉన్నా ఒకటి కానట్టే, కొన్ని అణువులూ అలాగే ఉంటాయని చెప్పి, థాలిడోమైడ్ సంగతి ఎత్తుతాడు. ఒక రూపం గర్భిణి వికారాన్ని తగ్గిస్తుంది, దాని ప్రతిబింబం కడుపులో బిడ్డ అవయవాలను దెబ్బతీస్తుంది. ఆ పాఠం నేనూ ఏటా చెబుతాను. చెప్పినప్పుడు ఒక మాట అదనంగా చేరుస్తాను: మంచి రూపాన్ని ఒక్కదాన్నే వేరుచేసి ఇచ్చినా లాభం లేదు, శరీరంలోకి వెళ్ళాక ఒకటి రెండోదిగా మారిపోతుంది. టీవీ తెర మీద నా పాఠం చూడటం ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను. మొదటి ఎపిసోడ్‌లో మంట మీద లవణాలు చల్లి రంగులు చూపిస్తూ, రసాయన శాస్త్రమంటే మార్పును చదవడమేనని చెప్పే దృశ్యం చూస్తున్నప్పుడైతే, ఈయన నా సహోద్యోగి అయితే ఎంత బాగుండును అనుకున్నాను.

రసాయనం విషయంలో వాళ్ళు శ్రద్ధ పెట్టారు. ఓక్లహోమా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ డోనా నెల్సన్‌ను సలహాదారుగా పెట్టుకున్నారు. వాల్టర్ సరుకు నీలం రంగులో ఉండటం మాత్రం కథ కోసం పెట్టిందే. శుద్ధమైన మెథాంఫెటమిన్ స్ఫటికానికి రంగుండదు. నీలంగా ఉందంటే అందులో ఇంకేదో కలిసిందని అనుమానించాలి తప్ప, అది స్వచ్ఛతకు గుర్తు కాదు. మా విద్యార్థుల్లో సగం మంది నీలమే నాణ్యత అని నమ్ముతున్నారు, అది సరిదిద్దడానికి నాకు ప్రతి ఏడాదీ కొంత సమయం పడుతోంది. ఇది పెద్ద ఫిర్యాదేమీ కాదు.

గుర్తింపు దక్కని ప్రతిభ

నన్ను ఈ సీరియల్ దగ్గరకు నెట్టినవాళ్ళంతా ఒక మాట అన్నారు: "నీ కథే." తెలివైన మనిషి, పెద్ద చదువు, చిన్న ఉద్యోగం, చాలని జీతం, క్లాసులో లెక్కచేయని పిల్లలు, సాయంత్రం కార్లు కడిగే చోట రెండో ఉద్యోగం. అక్కడికి తన విద్యార్థే కారు కడిగించుకోవడానికి వస్తాడు. ఆ దృశ్యం చూసి కళ్ళు తిప్పుకోని ప్రైవేటు లెక్చరర్ మా ఊళ్ళో ఉండరు.

ఇక్కడి పరిస్థితి తెలియనివాళ్ళకు ఒక్క మాట. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ, కొందరైతే పీహెచ్‌డీ కూడా పూర్తిచేసి, హనుమకొండ, వరంగల్, కరీంనగర్‌లోని ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళు వందల్లో ఉన్నారు. ఏడాదికి పది నెలలకే జీతమిచ్చే యాజమాన్యాలున్నాయి. ఎండాకాలం వస్తే అడ్మిషన్ల కోసం బ్రోషర్లు పట్టుకుని పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు ఊళ్ళు తిరగాలి. ఇంటర్ పాసైన పిల్లల ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి, మా కాలేజీలో చేర్పించండని వాళ్ళ నాన్నను బతిమాలాలి. స్పెక్ట్రోస్కోపీలో పరిశోధన చేసిన మనిషి అరుగు మీద కూర్చుని, బస్సు సౌకర్యం ఉందా అనే ప్రశ్నకు జవాబు చెబుతుంటాడు. ఆ అవమానం నాకు తెలుసు. కడుపులో పెట్టుకుని మందహాసం చేయడమూ తెలుసు.

కాబట్టి వాల్టర్ కోపం నాకు అంటుకోవాలి. మొదటి నాలుగు ఎపిసోడ్ల దాకా అంటుకుంది కూడా. ఐదో ఎపిసోడ్‌లో అది పూర్తిగా ఆరిపోయింది. పాత స్నేహితులు ఎలియట్, గ్రెచెన్ ధనవంతులు. వాల్టర్‌కు క్యాన్సర్ అని తెలిసి ఉద్యోగం ఇస్తామంటారు, వైద్యం ఖర్చంతా పెట్టుకుంటామంటారు. వాల్టర్ వద్దంటాడు. అమెరికాలో వైద్యం ఖర్చులు భరించలేక ఒక మంచివాడు చెడిపోయిన కథ ఇదని చాలామంది చెబుతారు. ఆరోగ్యశ్రీ లాంటిది ఉండి ఉంటే అసలు ఈ కథే లేదని మా తమ్ముడు వాదిస్తాడు. నేను ఒప్పుకోను. డబ్బు గుమ్మం దాకా వచ్చింది, ఈయన తలుపు వేసుకున్నాడు.

మా కాలేజీలోనే ఒక సహోద్యోగి తండ్రికి క్యాన్సర్ వచ్చింది. ఇక్కడ చూపించి, ఆ తర్వాత హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తిప్పారు. ఆ ఏడాదంతా ఆ అబ్బాయి ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడ్డాడు, కాగితాల మీద సంతకాల కోసం తిరిగాడు, మేమంతా చందాలు వేసుకుని ఇస్తే రెండు చేతులా తీసుకున్నాడు. తీసుకున్నందుకు ఆయన పరువేమీ పోలేదు. మా అందరికీ ఆయన మీద గౌరవం పెరిగింది. ఒక స్నేహితుడు చాచిన చేతిని తన అహం కోసం తోసేసి, అదే నోటితో ఇదంతా కుటుంబం కోసమేనని చెప్పే మనిషిని చూస్తుంటే నాకు జాలి కలగదు. చివరి ఎపిసోడ్‌లో ఆయనే ఒప్పుకుంటాడు, అంతా తన కోసమే చేశానని, తనకు అది నచ్చిందని. చాలామంది ప్రేక్షకులకు అది గుండె పట్టేసిన క్షణమట. నాకైతే ఆ సంగతి మొదటి సీజన్‌లోనే తెలిసిపోయింది కాబట్టి, ఇంత ఆలస్యంగా చెబుతున్నాడేమిటని విసుగొచ్చింది.

కొనేవాళ్ళు ఎక్కడ?

నా అసలు అభ్యంతరం ఇది కాదు. అహంకారి అయిన కథానాయకుడు ఉంటే కథ చెడిపోదు. నన్ను కథలోకి వెళ్ళనివ్వనిది వేరే ఉంది.

ఈ సీరియల్‌లో లెక్కలు చాలా ఉంటాయి. తన సరుకు 99 శాతం పైగా స్వచ్ఛమైనదని వాల్టర్ లెక్క. పిల్లల చదువులు, ఇంటి అప్పు, ఖర్చులు కలిపి 7,37,000 డాలర్లు చాలని రెండో సీజన్ మొదట్లో ఇంకో లెక్క. ఐదో సీజన్‌కు వచ్చేసరికి ఒక గోదాములో నోట్ల గుట్ట ముందు భార్య స్కైలర్ నిలబడి, ఎంతుందో లెక్కపెట్టడమే మానేశానంటుంది. పౌండ్లు, బ్యారెళ్ళు, వాటాలు, వారాలు అన్నీ లెక్కకు వస్తాయి. ఆ సరుకు ఎంతమంది ఊపిరితిత్తుల్లోకి, ఎన్ని ఇళ్ళలోకి వెళ్ళిందన్న లెక్క మాత్రం ఎక్కడా రాదు. అడిగే పాత్ర కూడా ఉండదు.

నాకు ఆ లెక్కే కావాలి, ఎందుకంటే నేను పుట్టి పెరిగింది ఉత్తర తెలంగాణలో. ఇక్కడ కల్లు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. బోనాలకు సాక పోసేది కల్లే, సమ్మక్క సారలమ్మ దగ్గరకు తీసుకువెళ్ళేదీ కల్లే. తెల్లవారుజామున మోకు, ముస్తాదు వేసుకుని చెట్టెక్కే గౌడన్నల కష్టం మీద నాకెంతో గౌరవం. నేను మాట్లాడుతున్నది చెట్టు కల్లు గురించి కాదు, మందు కల్లు గురించి. చెట్లు తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువ. ఆ లోటును నీళ్ళు, శాక్రిన్ పూరిస్తాయి. నిషా కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం కలుపుతారు. ఆ అల్ప్రాజోలం ఆకాశం నుంచి ఊడిపడదు. ఎక్కడో ఒక షెడ్డులో, రియాక్టర్ ముందు నిలబడి, ఉష్ణోగ్రత చూసుకుంటూ, మా పాఠాలు చదువుకున్న మనిషే తయారుచేస్తాడు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. కల్లు దుకాణాలు మూతపడ్డాయి. హుజూరాబాద్ దగ్గర ఊళ్ళో మా పెద్దమ్మ ఇంట్లో పనికి వచ్చే అవ్వ ఒకావిడ ఉండేది. రోజూ పని ముగించుకుని సాయంత్రం కల్లు కంపౌండుకు వెళ్ళి సీసా తాగి, పడుకునే మనిషి. గట్టిగా ఒక మాట అని ఎరగదు. దుకాణం మూసిన కొద్ది రోజులకే చేతులు వణకడం మొదలైంది. నిద్ర పోయింది. గోడ మీద ఎవరో ఉన్నారని చూపించేది, పిలిస్తే పలికేది కాదు. ఇంట్లో వాళ్ళు గాలి సోకిందనుకున్నారు. ఆ తర్వాత ఫిట్స్ వచ్చాయి. తీసుకువెళితే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "కల్లు ఎక్కడ తాగుతుంది?" అని. ఆ ఒక్క ప్రశ్నలో ఆయన రోగమంతా పట్టేశాడు. అల్ప్రాజోలం జాతికే చెందిన మందును కొలత ప్రకారం ఇచ్చి, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. బతికింది. ఆ తర్వాత ఆవిడ మా పెద్దమ్మ ఎదుట తలెత్తి మాట్లాడటం మానేసింది. తనకు జబ్బు చేసింది తాను తాగిన దాని వల్ల కాదు, తాగడం మానిన దాని వల్ల అని ఎంత చెప్పినా ఆవిడకు సిగ్గు పోలేదు. తనకు తెలియకుండా తన చేత మందు తాగించారన్న కోపం రావలసిన చోట ఆవిడకు సిగ్గు వచ్చింది.

ఇది ఒక్క అవ్వ కథ కాదు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు మొదలుపెట్టినప్పుడు నిజామాబాద్, చుట్టుపక్కల జిల్లాల్లో ఇవే లక్షణాలతో ఆసుపత్రులు నిండిపోయాయి. 2020లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం బారులు తీరారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు.

మెథాంఫెటమిన్, అల్ప్రాజోలం ఒకటి కాదని నాకు తెలుసు. మొదటిది నరాలను ఉరకలెత్తిస్తుంది, రెండోది జోకొడుతుంది. మొదటిది మానితే మనిషి కుంగిపోయి మంచానపడతాడు, రెండోది ఒక్కసారిగా మానితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. అవతల ఏం కొంటున్నారో తెలిసే కొంటారు, ఇక్కడ చాలామందికి తెలియదు. ఈ తేడాలను పట్టుకుని, పోలికే తప్పని మా తమ్ముడు వాదించాడు. తేడాలన్నీ ఒప్పుకుంటాను. నాకు ముఖ్యమైన చోట మాత్రం రెండూ ఒకటే: తయారుచేసేవాడి చేతి నైపుణ్యం చివరికి ఎవరి ఒంట్లో తేలుతుందో, ఆ మనిషి తయారుచేసేవాడికి కనపడడు. 'బ్రేకింగ్ బ్యాడ్' నాకు ఇచ్చిన కుర్చీ తయారుచేసేవాడి పక్కన ఉంది. అక్కడి నుంచి ఆ అవ్వ నాకూ కనపడదు.

ఎదురు వాదన

కొనేవాళ్ళను అసలు చూపించలేదనడం అన్యాయం. రెండో సీజన్ ఆరో ఎపిసోడ్ చాలావరకు వాళ్ళ మీదే ఉంది. పోయిన సరుకు వసూలు చేసుకోవడానికి జెస్సీ, అంటే వాల్టర్ పాత విద్యార్థి, ఈ వ్యాపారంలో భాగస్వామి, ఒక ఇంటికి వెళతాడు. మత్తులో మునిగిన భార్యాభర్తలు, వాళ్ళకు పుట్టిన మాసిన చిన్న పిల్లవాడు. జెస్సీ ఆ పిల్లవాడితో దాగుడుమూతలు ఆడతాడు, ఏదో వెతికి తినడానికి పెడతాడు, చివరికి పోలీసులకు ఫోన్ చేసి పిల్లవాడిని బయట కూర్చోబెట్టి పారిపోతాడు. మొత్తం సీరియల్‌లో నేను ముందుకు వంగి చూసిన ఎపిసోడ్ అది. అయితే ఆ తల్లిదండ్రులను ఎలా చూపించారో గమనించండి. చూడగానే భయం వేయాలి, లేకపోతే నవ్వు రావాలి. దొంగిలించుకొచ్చిన ఏటీఎం యంత్రాన్ని భార్య భర్త తల మీద పడేస్తుంది. ఆ ఇంట్లో పిల్లవాడు తప్ప మనిషి లేడు. వాళ్ళు అలా కాకముందు ఏ పని చేసేవాళ్ళో, ఎవరింట్లో వాళ్ళో మనకు తెలియదు. ఆ అవ్వలాగా పని చేసుకుని, మనవళ్ళకు అన్నం పెట్టి, సాయంత్రం ఒక సీసా తాగే మామూలు మనిషి ఎవరూ వాల్టర్ సరుకు కొనరు.

జెస్సీ ప్రియురాలు జేన్ ఉంది కదా అంటారు. ఉంది. జేన్ మత్తులో వాంతి గొంతుకు అడ్డుపడి చనిపోతుంటే వాల్టర్ చూస్తూ నిలబడతాడు. ఆమె తండ్రి విమానాలకు దారి చూపే ఉద్యోగి. దుఃఖంలో ఆయన చేసిన పొరపాటుకు రెండు విమానాలు ఢీకొని 167 మంది చనిపోతారు. మూడో సీజన్ మొదట్లో స్కూలు సభలో వాల్టర్ లేచి, ప్రపంచంలో ఇంతకంటే పెద్ద ప్రమాదాలు ఎన్నో జరిగాయని, ఇది యాభయ్యో స్థానంలో ఉంటుందని చెబుతాడు. చనిపోయిన వాళ్ళను తక్కువ చేసి చూపడానికి అంకె వాడుకునే మనిషిని ఇంత నిక్కచ్చిగా చూపించిన రచయితలకు తమ కథానాయకుడి మీద భ్రమలున్నాయని ఎవరూ అనలేరు. సృష్టికర్త విన్స్ గిల్లిగన్ కూడా మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు, కథానాయకుడిని ప్రతినాయకుడిగా మార్చడమే తన ఉద్దేశమని.

తమ్ముడి వాదన ఇక్కడే బలంగా ఉంటుంది. "అక్కా, నీకు వాడి మీద అసహ్యం వేసిందంటే సీరియల్ గెలిచినట్టే కదా! వాళ్ళు కోరుకున్నదే అది" అంటాడు. ఈ మాట నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. నిజంగా అంతేనా, నేను సరైన స్పందనే పొంది, దాన్ని అయిష్టమని పిలుస్తున్నానా అని ఆలోచించాను.

కాదు. ప్రతి ఎపిసోడూ ఒకే ప్రశ్న మీద నడుస్తుంది: ఈసారి ఎలా తప్పించుకుంటాడు? సంగీతం, కెమెరా, ఎపిసోడ్ ఆగిపోయే చోటు అన్నీ ఆ ప్రశ్నకే సేవ చేస్తాయి. ఆ ఉత్కంఠ అందాలంటే, లోపల ఎక్కడో తప్పించుకోవాలని కోరుకోవాలి. నేను రెండో సీజన్ నుంచే దొరికిపోవాలని కోరుకుంటున్నాను. తోడల్లుడు హాంక్ మాదకద్రవ్యాల శాఖ అధికారి. ఒక పుస్తకంలో చేతిరాత చూసి ఆయనకు నిజం తెలిసేసరికి ఐదో సీజన్ సగమైంది. హాంక్ ఒక అడుగు వేసి వెనక్కి పడిపోయిన ప్రతిసారీ మిగతా ప్రేక్షకులు ఊపిరి పీల్చుకుంటే నాకు ఊపిరాడలేదు. వాల్టర్ తెలివికి చప్పట్లు కొట్టాల్సిన చోటల్లా నాకు ఇంకొన్నాళ్ళు సరుకు బయటికి పోతుందన్నదే కనిపించింది. కథ ఆయన్ని తప్పుపడుతుంది, కథనం మాత్రం ఆయన చెయ్యి వదలదు. నేను కథతో ఏకీభవించాను కాబట్టే కథనంతో కలిసి నడవలేకపోయాను.

పాపన్నను ఎలా ఇష్టపడుతున్నాను?

ఇక్కడ నన్ను నేను అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. నేరస్థుడి పక్షాన కూర్చోలేని మనిషినే అయితే సర్వాయి పాపన్న కథ నాకు ఎందుకంత ఇష్టం?

పాపన్నది ఖిలాషాపూర్. ఒకప్పటి వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లా. గీత కార్మికుల ఇంట్లో పుట్టి, దారులు కాసి, కోట కట్టి, 1708లో వరంగల్ నగరాన్నే కొల్లగొట్టినవాడు. 1710లో మొగలు ప్రభుత్వం చంపేదాకా లొంగనివాడు. ఆ కథ పాడుతుంటే చిన్నప్పుడు నిద్ర ఆపుకుని విన్నాను. పాపన్న కోట గోడలెక్కుతుంటే ఎక్కాలనే కోరుకున్నాను, దొరకకూడదనే కోరుకున్నాను. వాల్టర్‌కు ఇవ్వని మినహాయింపు పాపన్నకు ఇచ్చాను.

దొరలను, పాలకులను దోచి పేదలకు పంచాడు కాబట్టి అని సులువుగా జవాబు చెప్పవచ్చు. పాట అలాగే చెబుతుంది. చరిత్ర అంత నున్నగా లేదు. మొగలుల కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఆ వరంగల్ దోపిడీ గురించి రాస్తూ, ఊళ్ళోని పెద్దింటి ఆడవాళ్ళను, పిల్లలను పట్టుకుపోయారని చెబుతాడు. ఆయన దర్బారు పక్షం మనిషి, పాపన్న అంటే పడనివాడు. అయినా ఆ ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళు మా ఊరివాళ్ళు. మూడు వందల ఏళ్ళ దూరం వల్ల వాళ్ళ ఏడుపు నాకు వినిపించడం లేదంతే. అవ్వ వణుకుతున్న చేతులను నేను పట్టుకున్నాను. తేడా అదే కావచ్చు.

దూరం ఒక్కటే కారణమని మాత్రం నమ్మలేను. పాపన్న కథ చెప్పేవాడు ఎవరిని దోచాడన్నది దాచడు. కథ నిలబడింది ఆ వైరం మీదే. ఎవరి గిడ్డంగి పగిలింది, ఎవరి కోట కూలింది, ఎందుకు కూల్చాడు అన్నది వరసగా వస్తుంది. అది విని పాపన్నను మెచ్చుకోవచ్చు, ఖాఫీ ఖాన్‌లా తిట్టుకోవచ్చు. ఎదుటి మనిషి కథలో ఉన్నాడు కాబట్టి ఏదో ఒకటి నిర్ణయించుకోగలం. వాల్టర్ నుంచి కొనేవాళ్ళు అతనికి శత్రువులు కారు, స్నేహితులూ కారు. వాళ్ళు గిరాకీ. ఈ జవాబు పూర్తిగా గట్టిదని చెప్పను. వరంగల్ నుంచి పట్టుకుపోయిన ఆడవాళ్ళు పాటలో ఎక్కడున్నారని రేపు నా విద్యార్థిని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

స్కైలర్

ఇంకొక్క విషయం. మా విద్యార్థులు, ముఖ్యంగా అబ్బాయిలు, ఈ సీరియల్‌లో అందరికంటే ఎక్కువగా ద్వేషించేది స్కైలర్‌ను. ఎందరినో చంపినవాడిని, పిల్లవాడికి విషం పెట్టినవాడిని కాదు, డబ్బు ఎక్కడిదని అడిగిన భార్యను. ఇది మన దగ్గరి జబ్బు మాత్రమే కాదు. ఆ పాత్ర వేసిన అన్నా గన్ 2013లో 'న్యూయార్క్ టైమ్స్'లో ఒక వ్యాసమే రాసింది, ఆ ద్వేషం పాత్రను దాటి తన మీదికి ఎలా వచ్చిందో చెబుతూ. మా క్లాసులో ఒకబ్బాయి, "ఆమె లేకపోతే ఇంకా బాగుండేది మేడమ్, ప్రతిదానికీ అడ్డం" అన్నాడు. "నీ ఇంట్లో మీ నాన్న అకస్మాత్తుగా సంచులతో డబ్బు తెస్తే మీ అమ్మ ఏం చేయాలి?" అని అడిగాను. ఆలోచించి, "అడగాలి" అన్నాడు. నేను ఆ అబ్బాయిని తప్పుపట్టను. ఈయన ఎలా తప్పించుకుంటాడు అన్న ప్రశ్న చుట్టూ కథ తిరుగుతున్నప్పుడు, అడ్డుపడే ప్రతివాళ్ళూ విసుగు పుట్టిస్తారు. హాంక్ అయినా, స్కైలర్ అయినా.

ఇప్పుడు వాల్టర్ వకీలు సాల్ గుడ్‌మన్ మీద తీసిన సీరియల్ ఇంతకంటే గొప్పదని, అది చూడమని అంటున్నారు. చూడాలని లేదు. ఐదో సీజన్‌లో జెస్సీ రాత్రిపూట కారులో తిరుగుతూ, పేదవాళ్ళ ఇళ్ళ ముందు నోట్ల కట్టలు విసిరేసుకుంటూ పోయే దృశ్యం మాత్రం మళ్ళీ పెట్టుకుని చూశాను. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి, దాన్ని భరించలేని మనిషి ఆ సీరియల్‌లో ఒక్కడున్నాడు. ఆ ఇళ్ళ తలుపులు కొట్టి లోపలికి వెళ్ళే కథ ఎవరైనా తీస్తే మొదటి రోజే చూస్తాను.

ఈసారి ఫైనలియర్ పిల్లలు వీడ్కోలు సభలో వాల్టర్ మీద చిన్న నాటకం వేస్తామని అనుమతి అడిగారు. నల్ల టోపీ, కళ్ళద్దాలు, ల్యాబ్ నుంచి రెండు ఫ్లాస్కులు కావాలన్నారు. వేసుకోమన్నాను. సరుకు కొనేవాళ్ళు ఒకరు నాటకంలో ఉండాలని మాత్రం షరతు పెట్టాను, అది కూడా కమలాపూర్ వైపు నుంచో ఎల్కతుర్తి వైపు నుంచో బస్సెక్కి వచ్చిన మామూలు మనిషి. రెండు రోజుల తర్వాత వచ్చి, ఆ పాత్రకు ఏం మాటలు పెట్టాలో తెలియడం లేదు, ఎవరూ వేయడానికి ముందుకు రావడం లేదు అన్నారు. మాటలు నేను రాసిస్తానన్నాను. ఎవరూ రాకపోతే వేషం కూడా నేనే వేస్తానని చెప్పాను. శనివారం రిహార్సల్.